ఫోటోకు వీళ్యం

ఆదోనిలో ఫోటో వీరభద్రప్పను ఎరగనివాళ్ళు తక్కువ. పెళ్ళిఫోటోలు తీసి సంపాదించిందంతా ఆయన సన్నాయి కచేరీల్లో కాల్చేస్తాడని బాగా ఎరిగింది మాత్రం ఆయన భార్య గిరిజమ్మ ఒక్కతే. కాల్చడం అంటే ఊరికే అన్నమాట కాదు. ఆ రోజుల్లో దీపాల వెలుతురులో ఫోటో తీయాలంటే కెమెరాకు ఒక బల్బు తగిలించాలి. అది భగ్గున ఒక్కసారి వెలిగి చచ్చిపోతుంది, మళ్ళీ దేనికీ పనికిరాదు. పెళ్ళివాళ్ళయితే బల్బుకు వేరే డబ్బు ఇస్తారు. జాతరలో కచేరీకి ఎవడిస్తాడు? అయినా సరే, ఎమ్మిగనూరు శేషప్ప సన్నాయి ఎత్తాడంటే మన మహానుభావుడికి ఒళ్ళు తెలిసేది కాదు. తెచ్చిన బల్బులన్నీ అయిపోయేదాకా వెలిగిస్తూనే ఉండేవాడు.

వీరభద్రప్పది కూడా ఎమ్మిగనూరే, నేతగాళ్ళ ఇల్లు. చిన్నప్పుడు మగ్గం గుంతలో కూర్చోబెడితే పోగులు తెంపడమే పని. చేతులు ఇక్కడ, చెవులు వీధిలో పోయే మేళం మీద. వాళ్ళ నాయన విసిగి వేసారి, బళ్ళారిలో ఫోటోలు తీసే దూరపు బంధువు దగ్గరికి తోలేశాడు. అక్కడ పని నేర్చి, మూడుకాళ్ళ పాత కెమెరా ఒకటి కొనుక్కుని, ఆదోనిలో పత్తి బజారు పక్కసందులో గది తీసుకున్నాడు. పెళ్ళిళ్ళూ, పసిపిల్లలూ, అప్పుడప్పుడూ కాటికి పోబోయే శవాలూ. కడుపుకు లోటు లేదు.

కచేరీ ఫోటో తీయడంలో మాత్రం ఆయన దారి వేరు. బుగ్గలు పూరీల్లా పొంగి, మెడనరాలు తేలినప్పుడు ఎవడైనా తీస్తాడు, అదేం గొప్ప! వీరభద్రప్ప తీసేది ఊపిరికీ ఊపిరికీ మధ్య. ఒక పొడుగాటి స్వరం విడిచి, ఇంకోటి అందుకునే ముందు, సన్నాయి కొసన ఉండే పీక పెదవిని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు శేషప్ప ముఖంలో ఒక నెమ్మది వస్తుంది. అదెప్పుడు వస్తుందో తెలియాలంటే పాట తెలియాలి. పాటతో పాటే లోపల లోపల తానూ ఊపిరి బిగబట్టి, సరిగ్గా అక్కడ మీట నొక్కేవాడు. అందుకే ఆ ఫోటోలో శేషప్పను చూస్తే చూసినవాడికి సన్నాయి వినబడేది. అబద్ధం కాదు, చూసినవాళ్ళు చెప్పిన మాటే చెబుతున్నాను.

శేషప్ప అడిగితే వీరభద్రప్ప ఒక ఫోటో ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడు, మురిసిపోతూ ఇచ్చాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఒక పొద్దున జిన్నింగు మిల్లు గోడ మీద చూస్తే ఏముంది, తన ఫోటో! మేళం కరపత్రం అది. నడుమ శేషప్ప, చుట్టూ పూలతీగ, కింద అచ్చాఫీసు పేరు. ఫోటోలో పక్కనే కూర్చున్న డోలు మారెప్పను కత్తిరించేసినట్టున్నారు, ఆయన మోచెయ్యి ఒక్కటే మిగిలింది. వీరభద్రప్ప అక్కడే నిలబడి దాన్ని కళ్ళారా చూసుకుని, వచ్చేపోయేవాళ్ళకు చూపించి, ఇంటికి పరుగెత్తి భార్యను పిలుచుకొచ్చాడు.

గిరిజమ్మ కొంగు నడుముకు దోపుకుని, గోడకేసి తేరిపార చూసింది. "బాగుండాది. నీ పేరు యాడుండాది?" అంది.

"నా పేరెందుకే? ఆయప్ప మేళం కదా."

"అచ్చాఫీసోని పేరుండాది మల్ల! వానికి డబ్బులిచ్చినారు. బ్లాకు చేసినోనికి ఇచ్చినారు. గోడకంటించినోనికీ, వాని జిగురుకూ ఇచ్చినారు. నీకేమిచ్చినారు?"

జిగురు మాట వీరభద్రప్పకు ముల్లులా దిగబడింది. ఆ తర్వాత ఆలూరు మేళం వాళ్ళు అడిగారు, భజన బృందం వాళ్ళు అడిగారు, అందరికీ ఫోటోలు తీసి ఊరికే ఇస్తూనే వచ్చాడు. ఎక్కడ గోడ చూసినా తన ఫోటోలే. ఇచ్చిన ప్రతిసారీ జిగురు గుర్తుకొచ్చేది.

అడగాలా వద్దా అని ఆయన కొట్టుమిట్టాడింది ఒకరోజూ రెండ్రోజులూ కాదు. సంగీతం దగ్గర బేరమేంటి, కళ్ళు పోతాయి అనుకునేవాడు. ఆయన సన్నాయి ఇన్నేళ్ళూ నేను ఊరికే వినలేదా అనీ అనుకునేవాడు. అడిగితే వేదిక పక్కన కూర్చోనిస్తారో లేదోనన్న భయం మరొకటి. ఇదంతా గిరిజమ్మతో అంటే, "నీ కళ్ళు పోయేది బల్బుల ఎలుగుకు, బేరానికి కాదు" అనేది. ఆమె నోటికి దండం పెట్టాలి.

ఇంతలో కెమెరా మొండికేసింది. ముందు భాగంలో హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే తోలు చీకి, పగుళ్ళిచ్చింది. ఆ సందుల్లోంచి వెలుతురు దూరి ఫోటో మీద తెల్లచారలు పడుతున్నాయి. నల్లగుడ్డ అతికించి పెళ్ళిళ్ళు ఎలాగో నెట్టుకొచ్చాడు. కొత్త తోలు వేయించాలంటే బెంగుళూరు పంపాలి. గిరిజమ్మ ఆ రోజు అరవలేదు, అదే భయపెట్టింది. అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది. "పెండ్లిండ్ల డబ్బుతో తోలు ఏయిస్తా. పెండ్లిండ్లకే ఏయిస్తా. నీ కచేరీలు వాటి కర్సు అవి పెట్టుకుంటే తీయి, లేదంటే ఇంగ ఇడిసిపెట్టు. ఇదే కడమాట."

విడిచిపెట్టడం! పెళ్ళికూతుళ్ళ బొట్టూ, పెళ్ళికొడుకుల బాసికమూ ఫోటోలు తీసుకుంటూ బతికేయవచ్చు, ఎందరు బతకడం లేదు? కానీ ఆ ఊపిరి నడుమ క్షణం లేకపోతే తను ఫోటోలు తీసేవాడు కాడు, తీసే యంత్రానికి కాపలావాడు. ఆ సంగతి ఆయనకు ఖాయంగా తెలుసు. మరునాడే తువ్వాలు భుజాన వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు.

దారిపొడుగునా మాట కూర్చుకున్నాడు. డబ్బు అంటే బాగుండదు, వెల అంటే అంగడి మాటలా ఉంటుంది. చివరికి పుట్టినింటి మాటే మేలనిపించింది. నేతగాడికి కూలి అన్నది ఎంత మర్యాదైన మాట! చీర నేస్తే మగ్గం కూలి, ఫోటో తీస్తే ఫోటో కూలి. అందులో తప్పేముంది?

శేషప్ప అరుగు మీద కూర్చుని సన్నాయి పీకలు నీళ్ళలో తడుపుకుంటున్నాడు. పక్కన మారెప్ప డోలు మీది తోలు వారు బిగిస్తున్నాడు. వీరభద్రప్పను చూసి శేషప్ప ముఖం విప్పారింది. "రా రా వీరభద్రా! కూసో. ఏమప్పా ఎండలో బడి వస్తివి?"

మంచినీళ్ళయ్యాయి, కుశలాలయ్యాయి. వీరభద్రప్ప మాట ఎత్తాడు. "శేషన్నా, కరపత్రాల మీద నా ఫోటోలు ఏస్తాండారు కదా. దానికి ఏమన్నా... కూలి అనుకో అన్నా. ఏసినప్పుడల్లా ఇంత అని."

శేషప్ప పకపకా నవ్వాడు. "కూలియా! మనిద్దరి నడుమ కూలేందిరా? నా సన్నాయి ఇన్నేండ్లూ ఊరికే ఇంటివి కదా, నేనేమన్నా అడిగితినా?"

అదే, తను భయపడిన మాటే. కానీ ఎదుటివాడి నోట వినేసరికి దాని డొల్లతనం వీరభద్రప్పకు తెలిసిపోయింది. "ఇనేదానికి నేనొస్తినన్నా, నిజమే. నువ్వూ నా కాడికొచ్చి ఫోటోలన్నీ ఊరికే సూసి పో, ఎవరొద్దన్నారు? నీ సన్నాయి తీస్కపోయి నేను పెండ్లిండ్లలో వాయించుకుంటే అప్పుడు ఏమంటావు? నా ఫోటో సూపించి నువ్వు పెండ్లిండ్లు పట్టుకుంటాండావు. రెండూ ఒకటెట్లయితాయి?"

శేషప్ప మారు పలికేలోపే వీధిలోంచి ఒకతను వచ్చాడు. ఆలూరు దగ్గర సేద్యం చేసే భీమన్న, శేషప్పకు సొంత మేనల్లుడు. కూతురి పెళ్ళికి మేళం కావాలట. తేదీ చెప్పి, చొక్కా జేబులోంచి నోట్లు తీసి మామ ముందు పెట్టాడు.

శేషప్ప కంటికి నోట్లు ఆననే లేదు. "ఆకూవక్కా యాడరా?" అన్నాడు.

"తొందరలో తేలేదు మామా. మనం మనం ఒకటే కదా."

"ఎవరెవరం ఒకటిరా? వీళ్యం లేకుండా నోట్లు సాపుతావా? నేనేమన్నా మూటలు మోసే కూలోన్ననుకుంటివా? విద్వాంసున్ని పిలిచే తీరు ఇదేనా? పో, అంగడికి పోయి తీస్కరా పో!"

కన్నడ సీమ అంచు కాబట్టి తాంబూలాన్ని మేళం వాళ్ళు వీళ్యం అంటారు. తమలపాకుల్లో వక్కలు పెట్టి, పైన ఒక నాణెం ఉంచి, రెండు చేతులా ఇచ్చి పిలిస్తే తప్ప సన్నాయి గూట్లోంచి దిగదు. నాణెం అణా అయినా ఒకటే, రూపాయి అయినా ఒకటే. మిగతా డబ్బు సంగతి తర్వాత. భీమన్న తల గోక్కుంటూ అంగడికి పోయాడు, ఆకులు తెచ్చాడు, వంగి ఇచ్చాడు. శేషప్ప కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. అప్పుడు గానీ పెళ్ళికూతురి పేరైనా అడగలేదు.

వీరభద్రప్ప ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు. ఇన్నేళ్ళూ చూస్తున్నదే, ఇవాళ కొత్తగా చూశాడు. దారంతా కూర్చుకుని తాను తెచ్చింది తప్పు మాట. తనకు తెలియకుండానే తనను తాను మూటలు మోసేవాడి పక్కన నిలబెట్టుకున్నాడు. ఈయనేమో ఆ మాటకు పకపకా నవ్వాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, వెంటనే కోపమూ వచ్చింది.

భీమన్న వెళ్ళాక శేషప్ప మొలలోంచి రెండు రూపాయలు తీసి అరుగు మీదకు విసిరాడు. "ఏదో కూలి అంటివి కదా, పట్టుకుపో."

"వద్దన్నా," అన్నాడు వీరభద్రప్ప. "కూలి అంటిని, తప్పయిపాయె. నాకూ వీళ్యం కావల్ల. నా ఫోటో ఎయ్యాలంటే ఆకూవక్కా పెట్టి అడుగు. పైన అణా పెట్టు, నీ ఇష్టం. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

శేషప్ప ముఖం కందగడ్డ అయింది. రెండు రూపాయలు పోతే పోయాయి, అది చాలా తేలిక. ఇది అలా కాదు. "వీళ్యమా? నీకా? నేను గురువు కాళ్ళు పట్టి పదేండ్లు గొంతులో రక్తం కక్కితే విద్వాంసున్నైనా. నువ్వేం జేస్తివిరా? పెట్టె ముందర నిలబడి మీట నొక్కేవానికి వీళ్యమంటరా!"

మారెప్ప చేతిలో వారు అలాగే ఆగిపోయింది. వీరభద్రప్ప లేచి నిలబడ్డాడు. "మీట ఎప్పుడు నొక్కల్లో నీకు తెల్సునా అన్నా? సరేలే. ఇంగ నా ఫోటో ఏదీ నీ కాగితం మీద కనపడకూడదు." రెండు రూపాయలు అక్కడే వదిలేసి బస్సు దగ్గరికి నడిచాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే గిరిజమ్మ ముందు నెత్తి కొట్టుకుంది. "ఇచ్చిన డబ్బులు ఇడిసిపెట్టి వస్తివా! అయ్యో నా రాత!" అని గోలపెట్టింది. మీట నొక్కేవాడన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గోల ఠక్కున ఆగింది. తర్వాత, "అట్లన్నాడా? అయితే మంచిపనే చేస్తివి. ఇంగ నువ్వు మెత్తబడినా నేను మెత్తబడను" అంది.

అన్నట్టే నిలబడింది. ఏ మేళం వాళ్ళు ఫోటో కోసం వచ్చినా ఆమే గుమ్మంలో ఎదురై, "ఆకూవక్కా తెచ్చినారా?" అని అడిగేది. కొందరు నవ్విపోయారు, కొందరు తిట్టిపోయారు. ఫోటో వీరభద్రప్పకు పిచ్చి పట్టిందని బజారంతా పాకింది. ఆ ఏడాది ఆయన ఒక్క కచేరీ తీయలేదు. జాతరల్లో జనం వెనక, ఎక్కడో చీకట్లో చేతులు కట్టుకుని నిలబడి వినేవాడు. పాట నడుమ ఊపిరి బిగబట్టేవాడు, నొక్కడానికి మీట లేక వేళ్ళు ముడుచుకునేవాడు. చాలా బాధపడ్డాడు, ఆ మాట దాచడం దేనికి? అయినా పోయి అడుగుదామని ఒక్కనాడూ అనుకోలేదు.

శేషప్ప మాత్రం తక్కువ తిన్నాడా? కరపత్రం మీద ఫోటో అచ్చేసే పాత బ్లాకు అరిగిపోయి ముఖం మసిముద్ద అయింది. మారెప్పను కత్తిరించిన ఆ ఫోటో అచ్చాఫీసులోనే పోయింది. కొత్త బ్లాకుకు ఫోటో కావాలి, ఫోటోకు వీరభద్రప్ప కావాలి. చచ్చినా అడగనని, మంచి కరపత్రం ఒకటి ఏరి ఊళ్ళోనే బట్టల అద్దకానికి అచ్చులు చెక్కే వడ్రంగి చేతికిచ్చాడు. ఆ మనిషి పనిలో మొనగాడే. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెక్కింది మామిడిపిందెలూ పూవులూ. మామిడిపిందె ఎటు తిరిగినా మామిడిపిందే! ఎదురుగా కాగితంలో ఎలా ఉందో చెక్క మీద అలాగే, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాడు. అచ్చేశాక అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తారుమారయ్యాయి. సన్నాయి మీద పైనుండాల్సిన చెయ్యి కిందికొచ్చింది, కిందిది పైకెక్కింది. ఎవరూ చూసుకోలేదు. జాతరకు ముందు ఊరినిండా అంటించేశారు.

ఇక చూడాలి తమాషా! తోటి మేళాల వాళ్ళు గోడల ముందు గుంపులు కట్టి ఒకటే నవ్వులు. "శేషప్పకు ఎడమచేతి వాటం ఎప్పుడు పట్టెనప్పా?" అని ఒకడు, "కాదప్పా, ఇది ఇంగో శేషప్ప" అని ఇంకొకడు. ఆదోనిలో ఆ కాగితం చూసి వీరభద్రప్పకూ ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. ఆ ముఖంలో శేషప్ప లేడు, సన్నాయి పట్టుకున్న బొమ్మ ఉంది. ఎవరెంత నవ్వినా ఆయనకు బాధే కలిగింది.

జాతరైన మరుసటి వారం, పొద్దున్నే డోలు మారెప్ప స్టూడియో మెట్లెక్కాడు. సన్నటి మనిషి, నలుగురిలో గొంతెత్తి ఎరగడు. గుమ్మంలో గిరిజమ్మ అడ్డు నిలవబోతే దండం పెట్టి లోపలికి వచ్చాడు. "శేషప్పన్న పంపినాడు. ఒక ఫోటో ఇమ్మన్నాడు. ఐదు రూపాయలు ఇచ్చినాడు" అన్నాడు.

వీరభద్రప్ప ఆ నోటు ముట్టుకోలేదు. "వీళ్యం లేకుండా మనిషి చేత నోటు పంపుతారా మారెప్పా? మీ మేళాన్ని అట్ల పిలిస్తే మీరు పోతారా? ఆయన్నే రమ్మను."

"అట్లే సెప్తా," అన్నాడు మారెప్ప. ఆ జవాబే వస్తుందని తెలిసినవాడిలా నోటు మడిచి లోపల పెట్టుకున్నాడు. శేషప్ప ఉగాది దాటాక వచ్చాడు లెండి, ఎడమొహం పెడమొహంగానే అయినా ఆకులు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. ఆయన వచ్చాక మిగతా మేళాలూ వచ్చాయి, కచేరీల ఖర్చు కచేరీలే పెట్టుకున్నాయి. కానీ ముందు వచ్చింది ఆయన కాదు.

ఆ పొద్దున మారెప్ప పోకుండా అక్కడే నిలబడ్డాడు. తలపాగా విప్పి, అందులోంచి చిన్న పొట్లం తీశాడు. మూడు తమలపాకులు, ఒక వక్క, పైన ఒక అణా. తడిగుడ్డలో చుట్టి తెచ్చినట్టున్నాడు, ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. "ఇది మాత్రం నాది" అన్నాడు. "నా ఫోటో ఒకటి కావల్ల. డోలుతో."

వీరభద్రప్ప గుండె కరిగి నీరైంది. ఈ మనిషి మోచెయ్యి తప్ప ముఖం ఏ గోడా ఎరగదు. వాయించిన రాత్రికి మారెప్పకు దక్కేదెంతో కూడా ఆయనకు తెలుసు. చప్పున ఆ చేతులు పట్టుకుని వెనక్కి నెట్టాడు. "నీకెందుకప్పా ఇయన్నీ! నీ దగ్గర తీసుకుంటానా? కూసో, ఊరికే తీసిస్తా."

మారెప్ప చేతులు వెనక్కి పోలేదు. ముఖం మాత్రం నల్లబడింది.

"వీరభద్రన్నా, ఆపొద్దు శేషప్పన్న నిన్ను 'వీళ్యమా, నీకా' అనె. పక్కన కూసోని ఇన్నోన్ని నేను. ఆ పొద్దంతా నాకు వారు బిగీలేదు." ఆకులు ఇంకొంచెం ముందుకు చాపాడు. "ఇప్పుడు నువ్వూ నన్ను అదే మాట అంటాండావు."

గిరిజమ్మ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరభద్రప్ప భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు, చేతులు కడుక్కుని వచ్చాడు, మారెప్ప ఎదుట వంగి దోసిలి పట్టాడు. ఆకులు అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"యాడ కూసోవల్లన్నా?" అన్నాడు మారెప్ప.

"నట్టనడుమ కూసో విద్వాంసుడా," అన్నాడు వీరభద్రప్ప.